పేరే పూచీ: ఫ్రాంకుల వెండి నాణేల మీద ఏముంది, ఎందుకుంది

నాణెం ఎగరేసి "బొమ్మా, బొరుసా?" అని అడగడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒక వైపు బొమ్మ ఉంటుందన్న నమ్మకం ఆ ప్రశ్నలోనే ఉంది. 780 ప్రాంతంలో ఫ్రాంకుల రాజు షార్లమేన్ రాజ్యంలో ఎవరైనా వెండి నాణెం ఎగరేసి ఇలా అడిగి ఉంటే జవాబు దొరికేది కాదు. ఒక వైపు రాజు లాటిన్ పేరు 'కరోలుస్' రెండు వరుసలుగా విరిచి ఉంటుంది, పైన 'కరో', కింద 'లుస్'. రెండో వైపు ఏదో ఊరి పేరు, లేకపోతే 'ఫ్రాంకుల రాజు' అన్న లాటిన్ బిరుదులోని రెండు తొలి అక్షరాలు. ముఖం లేదు, కిరీటం లేదు, రెండు వైపులా అక్షరాలే.

ఇది చూడగానే చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే. రోమ్ కూలిపోయింది, పాత విద్యలు అడుగంటాయి, బొమ్మ చెక్కే పనివాడు దొరక్క అక్షరాలతో సరిపెట్టుకున్నారు అని. అది తప్పు. అంతకుముందు వందేళ్ళపాటు అదే నేల మీద బొమ్మలతో నిండిన వెండి నాణేలు నడిచాయి. తలలు, పక్షులు, మృగాలు, రకరకాల సిలువలు, ముళ్ళపందిలా వెంట్రుకలు నిక్కబొడుచుకున్న వింత ఆకారాలు అన్నీ వాటి మీద ఉండేవి. ఆ బొమ్మలను కావాలనే తీసేసి వాటి స్థానంలో అక్షరాలు పెట్టారు. ఎందుకు పెట్టారో తెలియాలంటే నాణెం మీద ఏ బొమ్మ ఉందని కాక ఎవరి పేరు ఉందని అడగాలి. ఆ పేరు గలవాడే ఆ వెండికి పూచీ.

ముందు కంసాలి పేరు

ఫ్రాంకులంటే నేటి ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, పశ్చిమ జర్మనీ ప్రాంతాలను రోమన్ల తర్వాత ఏలినవాళ్ళు. మొదట మెరోవింజియన్ వంశం, 751 నుంచి కరోలింజియన్ వంశం. మెరోవింజియన్ల తొలి రోజుల్లో అసలు డబ్బంటే బంగారమే. సాలిడస్ అనే రోమన్ బంగారు నాణెంలో మూడో వంతైన ట్రెమిసిస్, సుమారు ఒకటిన్నర గ్రాముల చిన్న బిళ్ళ, ఎక్కువగా నడిచేది. వాటి మీద చాలాకాలం తూర్పు రోమన్ చక్రవర్తి పేరూ ముఖమే వేస్తూ వచ్చారు. ఆరో శతాబ్దంలో తెయుడెబర్ట్ అనే ఫ్రాంకు రాజు తన పేరుతోనే బంగారు నాణేలు వేయిస్తే, ఫ్రాంకు రాజులు ఇంత సాహసం చేస్తున్నారా, పర్షియా రాజు కూడా ఈ పని చేయడే అని బైజాంటియన్, అంటే తూర్పు రోమన్, చరిత్రకారుడు ప్రొకోపియస్ నొచ్చుకుంటూ రాశాడు. నాణెం మీది ముఖం చిన్న విషయం కాదని ఆనాటి వాళ్ళకు బాగా తెలుసన్నమాట.

ఏడో శతాబ్దం వచ్చేసరికి చక్రవర్తి పేరు పోయింది. ఆ ఖాళీలోకి రాజు పేరు రాలేదు. చాలా నాణేల మీద ఒక వైపు ఊరి పేరు, రెండో వైపు నాణెం కొట్టినవాడి పేరు ఉంటాయి. ఇలాంటి పేర్లు వెయ్యికి పైగా, ఊళ్ళు వందల్లో దొరికాయి. వాళ్ళలో ఎలిజియస్ అనే ఆయన లిమోజ్‌లో కంసాలి పని నేర్చుకుని డాగోబర్ట్ రాజు కొలువులో చేరాడు, తర్వాత నొయాన్ బిషప్ అయ్యాడు. ఆయన పేరున్న బంగారు నాణేలు ఇప్పటికీ ఉన్నాయి. యూరప్ కంసాలులు తమ పనికి రక్షకుడిగా కొలిచే సెయింట్ ఎలోయ్ ఆయనే. పన్ను కట్టించుకునేవాడు గానీ సంతలో అమ్మేవాడు గానీ నాణెం చేతిలోకి తీసుకుంటే, దీని మంచీచెడ్డా ఎవరిని అడగాలో దాని మీదే రాసి ఉండేది.

అయితే ఆ బంగారం పలచబడుతూ వచ్చింది. తూర్పు నుంచి కొత్త బంగారం రావడం తగ్గింది, ఉన్నదానిలో వెండి కలిపారు, మళ్ళీ కలిపారు. 670ల నాటికి ట్రెమిసిస్ పేరుకే బంగారం. అప్పుడు ఆ నటన వదిలేసి నేరుగా వెండితోనే నాణెం కొట్టడం మొదలుపెట్టారు. బరువు కాస్త అటూఇటూగా ఒకటింపావు గ్రాము. దానికి రోమన్ల పాత వెండి నాణెం పేరే పెట్టారు: దెనారియస్. ఈ మాట మనకు మరీ పరాయిది కాదు. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే 'దీనారి మాషక' అన్న మాటలోని దీనారం ఈ దెనారియస్ నుంచే మన దాకా వచ్చింది.

ఇంత వెండి ఎక్కడిది? ఇంగ్లండు ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉన్న 660–820 మధ్య కాలపు 49 వెండి నాణేలను లేజర్‌తో పరీక్షించిన ఫలితాలు 2024లో వచ్చాయి. 750కి ముందువాటిలో ఉన్నది బైజాంటియన్ వెండి. అంటే పెద్దింటివాళ్ళు దాచుకున్న పాత వెండి సామాను కరిగించి నాణేలు చేశారని ఆ పరిశోధకుల అభిప్రాయం. 750 తర్వాతవాటిలో ఫ్రాన్స్ పశ్చిమాన ఉన్న మెల్ అనే ఊరి గనుల వెండి జాడ కనిపించింది. మెల్ వెండి సీసపు రాతిలో దొరుకుతుంది, అందులో బంగారం జాడ చాలా తక్కువ. అదే దాని గుర్తు. గని గోడకు కట్టెలు పేర్చి నిప్పు పెట్టి, వేడికి రాయి పగిలాక తవ్వుకునేవారు. ఆ సొరంగాలను ఇప్పటికీ వెళ్ళి చూడవచ్చు. ఈ మెల్ పేరు గుర్తుంచుకోండి, చివర్లో దీనితోనే పెద్ద చిక్కు వస్తుంది.

తర్వాత రాజు పేరు

మెరోవింజియన్ల చివరి రోజుల్లో రాజులు డమ్మీలు. బిషప్పులు, మఠాలు, స్థానిక పెద్దలు ఎవరికి వాళ్ళు నాణేలు కొట్టించారు. బరువు ఒకలా లేదు, బొమ్మ ఒకలా లేదు. ఒక ఊరి నాణెం పక్క ఊళ్ళో వట్టం లేకుండా చెల్లుతుందన్న నమ్మకం లేదు. 751లో గద్దెనెక్కిన పెపిన్ వీటికి అడ్డుకట్ట వేశాడు. ఆయన కాలపు శాసనం ప్రకారం ఒక పౌండు వెండి నుంచి 22 సాలిడస్‌లకు మించి కొట్టకూడదు. అందులో ఒక సాలిడస్ నాణెం కొట్టినవాడి కూలి, మిగతా 21 వెండి తెచ్చినవాడికి తిరిగి ఇవ్వాలి. నాణెం మీద ఇక రాజు పేరు, బిరుదుల పొడి అక్షరాలు. కంసాలి పేరు పక్కకు తప్పుకుంది.

ఇక్కడ ఒక ముడి విప్పాలి. వెండి సాలిడస్ అనే నాణెం లేదు. అది లెక్కల్లో మాత్రమే ఉన్న పేరు, 12 దెనారియస్‌లు కలిపితే ఒక సాలిడస్. మన బిల్లుల్లో పైసలు కనిపిస్తాయి గానీ చేతికి రావు, అలాగన్నమాట. కాబట్టి పెపిన్ లెక్కలో పౌండుకు 22 పన్నెండ్లు, 264 నాణేలు. కొడుకు షార్లమేన్ కాలంలో ఇది 20 పన్నెండ్లకు, 240కి స్థిరపడింది. పౌండుకు 20 సాలిడస్‌లు, సాలిడస్‌కు 12 దెనారియస్‌లు. బ్రిటన్‌లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు అన్న లెక్క ఇదే, 1971 ఫిబ్రవరి దాకా నడిచింది. అక్కడ పెన్నీకి గుర్తుగా ఇంగ్లిషు 'డి' అక్షరం ఎందుకు రాసేవారని ఎప్పుడైనా సందేహం వచ్చి ఉంటే, అది దెనారియస్‌లోని మొదటి అక్షరం.

షార్లమేన్ అసలు సంస్కరణ 793–794లో వచ్చింది. నాణెం బరువు ఒకటింబావు, ఒకటిన్నర గ్రాముల మధ్య నుంచి సుమారు 1.7 గ్రాములకు పెరిగింది. చేతిలో పెట్టుకుంటే మన రూపాయి బిళ్ళంత వెడల్పు, కానీ బరువు అందులో సగమే. పలచగా, కాస్త గట్టిగా వంచితే వంగిపోయేలా ఉంటుంది.

794లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన మహాసభ తీర్మానాలు చదివితే ఆ పలచటి బిళ్ళ విలువ కళ్ళకు కడుతుంది. అంతకుముందు 792–793లో పెద్ద కరువు. అందుకే సభ ధాన్యం ధరలకు హద్దు పెట్టింది, పంట బాగా పండినా ఎండినా ఆ ధర దాటకూడదు. రెండేసి పౌండ్ల గోధుమ రొట్టెలు 12 ఒక దెనారియస్‌కు ఇవ్వాలి. రై రొట్టెలైతే 15, బార్లీవి 20, ఓట్స్‌వి 25. ఆ వెంటనే తర్వాతి తీర్మానం నాణెం గురించి. మా పేరు గుర్తు ఉండి, మేలిమి వెండితో, సరైన తూకంతో ఉన్న కొత్త దెనారియస్‌లు ప్రతి ఊళ్ళో, ప్రతి సంతలో చెల్లాలి. వద్దన్నవాడు స్వతంత్రుడైతే రాజుకు 15 సాలిడస్‌ల జరిమానా. బానిస అయితే ఆ సరుకు పోగొట్టుకుంటాడు, లేదా అందరి ముందూ బట్టలూడదీసి కొరడా దెబ్బలు తింటాడు. 15 సాలిడస్‌లంటే 180 నాణేలు, సభ పెట్టిన ధర ప్రకారం 2,160 గోధుమ రొట్టెలు. ఒక్క నాణెం తిప్పి ఇచ్చినందుకు ఇంత శిక్ష.

పాత నాణెం కంటే బరువైన మంచి నాణేన్ని వద్దనేవాళ్ళు ఎవరుంటారు అనిపిస్తుంది. ఉంటారు. కొత్త రూపం చూడగానే జనానికి అనుమానం వస్తుంది. పది రూపాయల బిళ్ళ చెల్లదంటూ కొట్లలో తిప్పి ఇచ్చేయడం మనం చూసిందే. రకరకాల డిజైన్లు ఉండటమే ఆ అనుమానానికి మూలం. 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. షార్లమేన్‌కు పత్రికలు లేవు, టీవీ లేదు. ఆయన ప్రకటన అంతా ఆ నాణెం మీదే పట్టాలి.

చేవ్రాలు నాణెం మీదికి

ఆయన నాణెం మీద పెట్టించినది తన మోనోగ్రామ్, అంటే పేరులోని అక్షరాలన్నీ కలిపి అల్లిన ఒకే గుర్తు. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఒక చిన్న సిలువ గీయండి. ఎడమ చేతి చివర 'కె', పైన 'ఆర్', కింద 'ఎల్', కుడి చేతి చివర 'ఎస్'. సిలువ మధ్యలో డైమండ్ ఆకారం. ఆ డైమండ్ మొత్తాన్ని చూస్తే 'ఓ'. దాని పై సగం, లోపలి చిన్న గీతతో కలిపి 'ఎ'. కింది సగం 'వి', లాటిన్‌లో దాన్నే 'ఉ'గా చదువుతారు. ఎడమ నుంచి పైకి, అక్కడి నుంచి కిందకి, కుడికి వెళ్తూ నడుమ అక్షరాలు కలుపుకుంటే కరోలుస్. హల్లులు నాలుగు దిక్కులా, అచ్చులన్నీ నట్టనడుమ. లాటిన్ ఎరుగని తెలుగువాళ్ళకు కూడా ఈ అల్లికలోని తెలివి వెంటనే అందుతుంది.

ఇది కేవలం అలంకారం కాదు. రాజు ఇచ్చే దానపత్రాల మీద చేవ్రాలు కూడా ఇదే. లేఖకుడు మోనోగ్రామ్ అంతా గీసి పెడితే, రాజు డైమండ్ లోపల ఒక చిన్న గీత మాత్రం తన చేత్తో గీసేవాడు. దాంతో పత్రం చెల్లుతుంది. షార్లమేన్ పెద్ద వయసులో రాయడం నేర్చుకోవాలని పలకలు దిండు కింద పెట్టుకునేవాడని, ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల పెద్దగా పట్టుబడలేదని ఆయన్ని దగ్గరగా ఎరిగిన ఐన్‌హార్డ్ రాశాడు. అక్షరాలు చేతికి లొంగని రాజు, అక్షరాలతోనే చేసిన గుర్తును రాజ్యమంతటా పంచాడు. నాకు ఈ నాణేల కథలో అన్నిటికంటే మనసుకు పట్టే విషయం ఇదే.

రైతుకూ చదువు రాదు, రాజుకూ అంతంతమాత్రం. అలాంటప్పుడు అక్షరాల నాణెం ఎవరి కోసం? మోనోగ్రామ్ గొప్పతనం ఇక్కడే ఉంది. చదువు వచ్చినవాడికి అది పేరు, రానివాడికి ఒకసారి చూస్తే మరచిపోని ఆకారం. పైగా అది సిలువ కూడా. పక్షి బొమ్మను టంకశాలకు ఒక రకంగా చెక్కితే తేడా ఎవరు పట్టుకుంటారు? నాలుగు అక్షరాలు నాలుగు చోట్ల ఉండాల్సిన గుర్తులో ఒకటి తారుమారైతే సంతలో అమ్మకందారుడికైనా కనిపిస్తుంది. చక్కటి బొమ్మల నాణేలు చూడటానికి ఇంపుగా ఉండొచ్చు. నా దృష్టిలో మాత్రం డిజైన్‌గా ఈ మోనోగ్రామ్ వాటన్నిటినీ మించింది, ఎందుకంటే అది చేయాల్సిన పని పూర్తిగా చేసింది.

మరి షార్లమేన్ ముఖం ఉన్న నాణేలు లేవా? ఉన్నాయి, చాలా తక్కువ. ఇప్పటికి దొరికినవి కొన్ని పదులు మాత్రమే. రోమన్ చక్రవర్తిలా తలకు ఆకుల దండ, భుజం మీద పిన్నుతో బిగించిన అంగవస్త్రం, కానీ పై పెదవి మీద ఫ్రాంకుల మీసం. చుట్టూ 'కరోలుస్ చక్రవర్తి అగస్టస్' అన్న మాట. వెనక నాలుగు స్తంభాల గుడి, దాని నడుమ సిలువ, చుట్టూ 'క్రైస్తవ ధర్మం' అన్న అర్థంలో లాటిన్ మాటలు, అందులో కొన్ని అక్షరాలు గ్రీకువి. కొన్నిటి వెనక గుడికి బదులు ఓడ ఉంటుంది, కెంటోవిక్, డోరెస్టాడ్ అనే రేవు పట్టణాలకు గుర్తుగా. షార్లమేన్ 800లో క్రిస్మస్ రోజున చక్రవర్తి అయినా, తూర్పు రోమన్ల రాజధాని కాన్‌స్టాంటినోపుల్ ఆయన్ని చక్రవర్తిగా ఒప్పుకున్నది 812లో. ఈ నాణేలు ఆ తర్వాతవని ఎక్కువమంది అభిప్రాయం. ఆయన 814 జనవరిలో పోయాడు. అంటే ఆ ముఖం రొట్టెల సంత కోసం కాదు, ఇప్పుడు నేనూ మీ సాటివాణ్ణే అని సాటి చక్రవర్తికి చెప్పడం కోసం.

ఊరి పేరు పోయింది, మళ్ళీ వచ్చింది

కొడుకు లూయీ మొదట తన ముఖంతోనే నాణేలు వేశాడు. మెల్ నుంచి వచ్చినవాటి వెనక సుత్తులు, అచ్చు దిమ్మెలు, అంటే నాణెం కొట్టే పనిముట్లే ముద్రించారు. కొన్నేళ్ళకే ముఖాన్ని వదిలేశాడు. 822–823 నుంచి సామ్రాజ్యమంతా ఒకటే నాణెం. ఒక వైపు సిలువ చుట్టూ చక్రవర్తి పేరు, రెండో వైపు గుడి చుట్టూ క్రైస్తవ ధర్మం అన్న మాట. ఊరి పేరు లేనే లేదు. ఇటలీలో కొట్టినా, ఉత్తర సముద్రపు ఒడ్డున కొట్టినా ఒకటే రూపం. పాత నాణేలను ఎంత గట్టిగా వెనక్కి తీసుకున్నారంటే ఆ తర్వాత పాతిపెట్టిన నిధుల్లో పాతవి దాదాపు కనబడవు. పూచీ మొత్తం ఒక్కడి పేరు మీదికి వచ్చింది.

లూయీ 840లో పోగానే కొడుకుల మధ్య పంపకాల గొడవలు ముదిరాయి. పడమటి భాగం చిన్నవాడు చార్లెస్‌కు వచ్చింది, బట్టతల చార్లెస్ అని చరిత్రలో పేరు. ఆయన నెత్తిన వైకింగ్‌ల దాడులు. 845లో పారిస్ మీదికి వచ్చినవాళ్ళను పంపించడానికి 7,000 పౌండ్లు ఇచ్చాడు, నాణేల లెక్కలో 16,80,000 దెనారియస్‌లు. వెండి కరువైతే జరిగేదే జరిగింది, కల్తీ పెరిగింది.

864 జూన్‌లో పీత్ర్ అనే చోట ఆయన ఇచ్చిన శాసనం నాణేల చరిత్రలో ఒక మేలి మలుపు. నాణెం ఎలా ఉండాలో చట్టంలోనే రాశారు. ఒక వైపు చుట్టూ మా పేరు, నడుమ మా మోనోగ్రామ్. రెండో వైపు చుట్టూ పట్టణం పేరు, నడుమ సిలువ. తాత వదిలిన గుర్తును మనవడు తిరిగి తెచ్చాడు, దాని చుట్టూ 'దేవుని దయవల్ల రాజు' అన్న మాట చేర్చాడు. ఊరి పేరు ఎందుకు తిరిగి వచ్చిందో శాసనం మిగతా భాగం చదివితే తెలుస్తుంది. నాణేలు కొట్టే చోట్లను రాజభవనంతో కలిపి పదికి కుదించారు. ఒక్కో టంకశాల మొదలవడానికి రాజు ఖజానా నుంచి అయిదు పౌండ్ల వెండి ఇస్తారు, అంతే తూకం తిరిగి అప్పజెప్పాలి. నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ తర్వాత పాత నాణెం చెల్లదు. ఇంత కట్టుదిట్టం చేశాక, తేడా వచ్చినప్పుడు ఎవరిని నిలదీయాలో తెలియాలి కదా. పూచీ రాజుది, జవాబుదారీ ఊరిది. ఆచరణలో పది కాదు, అంతకు ఎన్నో రెట్లు ఊళ్ళ పేర్లతో ఈ నాణేలు దొరికాయి. కానీ వెండి నాణ్యత మాత్రం నిజంగానే మెరుగుపడింది.

తాతదా, మనవడిదా?

ఇక మెల్ దగ్గరి చిక్కు. షార్లమేన్ సంస్కరణ తర్వాత మెల్‌లో కొట్టిన నాణెం మీద ఒక వైపు సిలువ చుట్టూ 'కార్లుస్, ఫ్రాంకుల రాజు', రెండో వైపు కరోలుస్ మోనోగ్రామ్ చుట్టూ మెల్ ఊరి పేరు ఉంటాయి. 840 తర్వాత బట్టతల చార్లెస్ మెల్‌లో కొట్టించిన నాణెం మీద కూడా అవే మాటలు, అదే మోనోగ్రామ్. తాత పేరు మనవడికి పెట్టడం మనకూ అలవాటే కాబట్టి ఎలా కలిసిపోయాయో ఊహించడం కష్టం కాదు. ఇద్దరూ కరోలుస్‌లే, ఇద్దరూ ఫ్రాంకుల రాజులే. పీత్ర్ శాసనం వచ్చాక కూడా మెల్ ఈ పాత రూపాన్నే పట్టుకుంది. చార్లెస్ పోయాక రాజులు మారినా, ఆ ప్రాంతం చేతులు మారినా అదే పేరు, అదే గుర్తు. జనం నమ్మిన నాణెం రూపం మారిస్తే చెలామణి దెబ్బతింటుందని భయం కావచ్చు.

తూకం పెద్దగా సాయపడదు, ఇద్దరివీ దగ్గర దగ్గరగానే ఉంటాయి. అందుకే నిపుణులు ముందుగా చూసేది నాణేన్ని కాదు, అది దొరికిన కుండని. 822–823లో లూయీ పాత నాణేలను తుడిచిపెట్టాడు కదా. కాబట్టి మెల్ మోనోగ్రామ్ నాణెం లూయీ గుడి నాణేలతో కలిసి ఒకే నిధిలో దొరికితే అది చాలావరకు 840 తర్వాతది, మనవడిది. లూయీ నాణెం ఒక్కటీ లేకుండా షార్లమేన్ కాలపు మిగతా టంకశాలల నాణేలతో దొరికితే తాతది. ఈ తర్కం నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే లూయీ అధికారుల పనితనం పన్నెండు వందల ఏళ్ళ తర్వాత కూడా సాక్ష్యంగా నిలబడుతోంది.

కానీ పొలం దున్నుతుంటేనో, మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుంటేనో ఒంటరిగా దొరికిన నాణేనికి కుండ ఉండదు, తోడు ఉండదు. అలాంటి మెల్ నాణేల పక్కన మ్యూజియం చీటీల మీద ఇద్దరు రాజుల పేర్లూ రాస్తారు, రెండు పాలనల ఏళ్ళూ వేస్తారు: 768–814, లేదా 840–877.